పొద్దుపోక చేసేది కాదమ్మా, స్టిక్కరు!

ఇంట్లో ఉండే ఆడది ఏ పని మొదలుపెట్టినా మనవాళ్ళు ముందు దానికొక పేరు పెడతారు. కుట్టుపనికి హాబీ, ముగ్గుకి సరదా, నేను మూడేళ్ళుగా చేస్తున్న స్టిక్కర్లకి "పొద్దుపోక". ఆ పేరొకటి తగిలిస్తే వాళ్ళకి చాలా సౌకర్యం. డబ్బులివ్వక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేయించుకోవచ్చు. "ఏం వదినా, పనేం ల్యాకుండా స్టిక్కర్లు అంటిచ్చుకుంటా కూచ్చున్నావా" అని మా ఆడబిడ్డ నవ్వుతానే అంటుంది. ఆ నవ్వు అయిపోకముందే వాళ్ళ పిల్లోని స్కూలు సామాన్లకి ముప్పై పేర్లు కావాలంటుంది. ఊరికేనే. అదీ రేప్పొద్దునకే.

స్టిక్కరు మీద కూడా పోట్లాడాలా అంటారేమో. నేను పోట్లాడతాను.

డబ్బాలో ఏముందో, ఎవరిదో, ఎప్పటిదో ఇంట్లో ఎవరికి తెలుసు? మనకి. మనం రెండు రోజులు పుట్టింటికి పోతే చాలు, ఫోన్లు మొదలు. "కందిపప్పు యాడ పెట్టినావు?" "ఇది మొన్నటి పొడా, సంక్రాంతిదా?" ఆ ఫోన్లకి మురిసిపోయే కాలం నాకు దాటిపోయింది. ఇల్లంతా నా ఒక్కదాని తలకాయలో ఉండటం గొప్ప కాదు, బరువు. ఆ బరువులో కొంత తీసి డబ్బా మీద పెట్టడమే స్టిక్కరు పని. స్టిక్కరుంటే మా ఆయన వంటింట్లోకి వచ్చి నన్ను అడక్కుండా పోపు పెట్టగలడు. "నాకు తెలీదే" అనే సాకు పోతుంది. అందుకేనేమో, మగవాళ్ళకి స్టిక్కర్లంటే అంత నవ్వు!

అయితే ఆ పని జరగాలంటే రెండు కావాలి. స్టిక్కరు నిలవాలి, ఇంట్లో వాళ్ళు దాన్ని చదవగలగాలి. ఇప్పుడు బజార్లో, ఆన్‌లైన్‌లో దొరికే వాటిలో ఎక్కువ భాగం ఈ రెండిట్లోనూ ఫెయిలు.

చదవడం సంగతి ముందు చెప్తాను. వంటింటి డబ్బాలకని సెట్లు అమ్ముతున్నారు కదా, నలుపు మీద తెల్లగా, తీగలు చుట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలతో. టర్మరిక్, క్యుమిన్, ఫెన్నెల్. చూడటానికి ముద్దొస్తాయి, నిజమే. కానీ మా ఇంట్లో పిల్లల జేజికి ఇంగ్లీషు రాదు. వంటలో సాయానికి వచ్చే అక్కకి తెలుగు కూడా కూడబలుక్కుని చదవాలి. ఆ సెట్టు అంటిస్తే వంటిల్లు నాది, ఫోటోది అవుతుంది, వాళ్ళిద్దరిదీ కాకుండా పోతుంది. పైగా ఆ సెట్లలో మన సామాన్లే ఉండవు. కొర్రలు ఉండవు, పప్పుల పొడి ఉండదు. మేము పప్పులు అంటే వేయించిన పుట్నాలు, ఉగ్గాని మీద చల్లుకునే పొడి దాంతోనే చేస్తాం. ఇంకొక తమాషా. మా అత్తగారి కడపలో చెనిక్కాయలు, మా పుట్టింటి కర్నూల్లో బుడ్డలు. మా అమ్మకి చేసిన స్టిక్కరు మీద "బుడ్డల పొడి" అని, మా అత్తకి చేసినదాని మీద "చెనిక్కాయల పొడి" అని వేశాను. ఏ కంపెనీ వేసిస్తుందండీ అట్లా? చదవలేని అక్క కోసం పక్కన చిన్న బొమ్మ పెట్టాను. ఆవిడ ఇప్పుడు సోంపు, జీలకర్ర కలిపెయ్యదు.

ఇక నిలవడం. దీని గురించి చెప్పే అబద్ధాలు అన్నీ ఇన్నీ కావు.

"వాటర్‌ప్రూఫ్" అని రాసి అమ్మే ప్రింటబుల్ వినైల్ షీట్లు ఎ4 సైజులో దొరుకుతున్నాయి. వీడియోల్లో ఒకమ్మాయి ప్రింటు తీసి, గ్లాసు నీళ్ళలో ముంచి, పది సెకన్లకి తీసి, "చూడండి ఫ్రెండ్స్!" అంటుంది. నీళ్ళకి తట్టుకునేది ఆ షీటు. అది ప్లాస్టిక్కు, తట్టుకోక ఏం చేస్తుంది? తట్టుకోనిది దాని మీద మన ప్రింటరు పోసే ఇంకు. ఇళ్ళల్లో ఉండే ఇంక్‌ట్యాంకు ప్రింటర్లలో చాలావాటికి రంగులు డై ఇంకులే. డై అంటే నీళ్ళలో కరిగే రంగు, పంచెకి వేసిన నాసిరకం నీలం లాంటిది. పిగ్మెంటు ఇంకయితే సన్నటి రంగు పొడి, షీటు మీద కూర్చుంటుంది, నీళ్ళకీ ఎండకీ అంత తొందరగా పోదు. కొన్ని ప్రింటర్లలో నలుపు మాత్రం పిగ్మెంటు, మిగతా మూడూ డై. ఆ ప్రింటరుంటే అక్షరాలు నలుపులో పెట్టుకోవడం తెలివి. మీ ఇంకు సీసా పెట్టె మీద చూసుకోండి, ఏదో రాసే ఉంటుంది. లేజర్ ప్రింటరున్నవాళ్ళు మాత్రం ఇంక్‌జెట్ వినైల్‌ని అందులో పెట్టొద్దు. లోపల టోనరుని కరిగించే రోలరు దాదాపు 200 డిగ్రీల వేడిమీద ఉంటుంది, షీటు మెత్తబడి చుట్టుకుంటే ప్రింటరు పోయినట్టే.

కాబట్టి పైన పొర తప్పదు. పొరంటే సెల్లో టేపు కాదు. దుకాణాల్లో చూస్తుంటాను, పచ్చడి సీసాకి జిరాక్సు కాగితం, దాని మీద వెడల్పాటి టేపు. నెల తిరిగేలోపు టేపు పసుప్పచ్చగా అయ్యి, అంచుల్లో నూనె దిగి, లోపలి కాగితం దోసెలా తయారవుతుంది. కోల్డ్ లామినేషన్ ఫిల్ము అని విడిగా దొరుకుతుంది, మెషీను అక్కర్లేదు, చేత్తోనే అంటించుకోవచ్చు. దానిలో కిటుకంతా ఓపిక. ప్రింటు తీశాక ఒక రోజు ఆరనివ్వాలి. ముట్టుకుంటే తడి తగలదు, ఆరిందనుకుంటాం, లోపల తేమ ఉంటుంది. వెంటనే ఫిల్ము వేస్తే ఆ తేమ మీద బుడగలొస్తాయి, ఇంకు పాకుతుంది. ఒక అంచు అంటించి, పాత ఏటీఎం కార్డుతో నెమ్మదిగా తోసుకుంటూ పోవాలి. రంగు చివరిదాకా నింపొద్దు, చుట్టూ మూడు మిల్లీమీటర్లు తెల్లగా వదిలితే ఫిల్ము ఇంకుకి కాకుండా నేరుగా షీటుకే పట్టుకుంటుంది. అంచులోంచి నీళ్ళు దిగవు. మూలలు గుండ్రంగా కత్తిరించాలి, మొన తేలిన మూలకే కదా గోరు తగిలేది.

అంటించే చోటు కూడా శుభ్రం కావాలి. సబ్బుతో కడిగితే సరిపోదు, మెడికల్ షాపులో స్పిరిట్ తెచ్చి తుడవాలి. మన బోరు నీళ్ళు స్టీలు మీద తెల్లటి పొర వదులుతాయి, ఆ పొర మీద అంటిస్తే స్టిక్కరు పొరతో సహా లేచొస్తుంది. అంటించాక ఒక రోజన్నా, వీలైతే రెండు మూడు రోజులు, నీళ్ళలో పెట్టకూడదు. జిగురు పట్టు బిగియడానికి ఆ టైము కావాలి. మైనంలా జారే మెత్తటి ప్లాస్టిక్ డబ్బాల మీద ఏ జిగురూ గట్టిగా నిలవదు, అక్కడ మూతికి ట్యాగు కట్టడం నయం. పొయ్యి పక్క, కుక్కరు మీద అసలే వద్దు. వినైల్ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

పది సెకన్ల గ్లాసు పరీక్షని నేను నమ్మను. మా ఊళ్ళో పరీక్ష వేరు. ఒకటి, బోకులు తోమే పీచుతో ఇరవై రుద్దులు. రెండోది, మే నెలలో మిద్దె మీద పదిహేను రోజులు. కర్నూల్లో గానీ కడపలో గానీ మే ఎండంటే 43, 44 డిగ్రీలు ఆశ్చర్యం కాదు. ఆ ఎండలో కడప బండ మీద చెయ్యి పెట్టలేం. పొర లేని డై ఇంకు ఎరుపు అక్కడ ముందు గులాబీ అవుతుంది, తర్వాత ఏమీ కాకుండా పోతుంది. ఈ రెండూ దాటిన స్టిక్కరునే నేను ఒకరి చేతికిస్తాను. ఇదంతా "పొద్దుపోక" చేస్తారా ఎవరన్నా?

స్టీలు సామాన్ల మీద పేరు కొట్టించుకోవచ్చు కదా, స్టిక్కరెందుకు అని మా మామగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొట్టించిన పేరంత గట్టిది ఏదీ లేదు, నా పెళ్ళి బిందె మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. ఆ అక్షరాలు మా ఆయన పేరువనుకోండి, బిందె మా అమ్మానాన్న కొన్నది. సరే, ఆ పోట్లాట ఇంకో రోజుకి. మారని వాటికి కొట్టించండి. డబ్బాలో సరుకు మారుతుంది, తేదీ మారుతుంది, పిల్లోని తరగతి, సెక్షను ఏడాదికోసారి మారతాయి. అక్కడికి స్టిక్కరే.

ఇప్పుడు నన్ను నిజంగా కోపంతో ఊపేసే సంగతికి వస్తాను. వంటింటి డబ్బా మీద పేరు చెరిగిపోతే కూర పాడవుతుంది, అంతే. సందులోకి సైకిలు మీద వచ్చే "యాసిడ్, ఫినాయిల్" ఆయన దగ్గర మనం ఏం కొంటున్నాం? పాత కూల్‌డ్రింకు సీసాలో, పాత నీళ్ళ సీసాలో పోసిన యాసిడ్. పేరు ఉండదు, ఏమీ ఉండదు, ఒక్కోసారి పాత నిమ్మకాయ డ్రింకు లేబులే ఇంకా ఉంటుంది! మన పల్లెల్లో పత్తి, మిరప, శనగ వేసిన ఇళ్ళకి వెళ్ళి చూడండి. మిగిలిన పురుగుమందు కొంచెం చిన్న సీసాలో పోసి కిటికీలో పెట్టి ఉంటుంది. "మాకు తెలుసులేమ్మా అదేందో" అంటారు. మీకు తెలుసు. మీ మనవడికి? ఎండాకాలం మధ్యాహ్నం దాహమేసి లేచిన పిల్లకి?

అసలు డబ్బా మీద గవర్నమెంటు కావాలని పెట్టించిన గుర్తు ఒకటుంటుంది, నిలబెట్టిన చదరంలాగా. దాని కింది సగంలో రంగు ఎరుపయితే అన్నిటికంటే ఘోరమైన విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మనకేమో పచ్చళ్ళ ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క చూసీ చూసీ ఆకుపచ్చ అంటే మంచిదనే అలవాటు. ఇక్కడ ఆకుపచ్చ అంటే తక్కువ విషం, అంతే, విషమే. మందు పేరు, విరుగుడు ఏమిటో కూడా ఆ లేబులు మీదే ఉంటాయి. ఎవరన్నా తాగితే ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేది "ఏ మందు?" అనే. చిన్న సీసాలోకి మార్చిన రోజే ఆ జవాబు పారేశాం.

కాబట్టి మందుని వేరే సీసాలోకి పోయనే కూడదు. నేను ఎంత గొప్ప స్టిక్కరు చేసినా ఆ తప్పుని దిద్దదు. యాసిడ్ విషయంలో మాత్రం, ఇంట్లో ఇప్పటికే ఉన్న సీసాకి, రెండు వైపులా, ఎర్రటి పట్టీ, పుర్రె బొమ్మ, "యాసిడ్ - తాగితే ప్రాణం పోతుంది" అని బియ్యపు గింజంత కాదు, బొటనవేలంత అక్షరాలు. కాగితం మీద రెండు యాసిడ్ చుక్కలు కారితే పీలికలవుతుంది, వినైల్ తట్టుకుంటుంది. ఆ సీసాని మళ్ళీ పిల్లలకందని అరలో, గొళ్ళెం వేసి. చదవడం రాని పిల్లకి స్టిక్కరు కంటే ఎత్తు ముఖ్యం. మా సందులో పదకొండు ఇళ్ళకి ఇవి ఊరికే ఇచ్చాను. ఊరికే ఇవ్వాల్సినవి ఇవీ, పుట్టినరోజు కార్టూను బొమ్మలు కాదు.

"ప్లాస్టిక్ కదమ్మా వినైల్, పర్యావరణం" అని హితవు చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. అవును, పీవీసీ. కాలిస్తే ఘాటైన ఆమ్లం పొగ వస్తుంది, అందుకే పీకిన స్టిక్కర్లు చెత్త మంటలో వెయ్యొద్దని అందరికీ చెప్తాను. ప్రతి స్విచ్చు మీదా, ఫ్రిజ్జు తలుపంతా అంటించొద్దనీ చెప్తాను. కానీ ఈ హితవు చెప్పే పెద్దమనుషులు రాజ్ విహార్ సెంటర్లోనో ఏడు రోడ్ల కూడలిలోనో తలెత్తి చూస్తే బాగుండు. మనిషికి మూడింతల ఎత్తు ఫ్లెక్సీలు, నాయకుడి పుట్టినరోజుకొకటి, ఆయన బామ్మర్ది పుట్టినరోజుకొకటి. ఫ్లెక్సీకి పూసేదీ అదే పీవీసీ. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్నారు, తర్వాత 2023 జనవరి 26కి జరిపారు. పార్టీలు మారాయి గానీ కూడళ్ళ అందం మారలేదు. ఫ్లెక్సీ షాపాయన రాత్రంతా మెషీను తిప్పితే అది వ్యాపారం. మూడు మిల్లీమీటర్ల అంచుతో నేను "యాసిడ్" అని వేస్తే పొద్దుపోక, పైగా ప్లాస్టిక్కు!

పొర ఒలిచి అంటించే లేబుల్ని 1935లో అమెరికాలో తయారుచేసింది స్టాంటన్ ఆవరీ. ఆ తర్వాత అది పెద్ద కంపెనీ అయ్యింది. మొదటి పెట్టుబడి వంద డాలర్లు, ఆయన చేసుకోబోయే అమ్మాయి డొరొతీ డర్ఫీ ఇచ్చిన అప్పు. ఆవిడ టీచరు. ఆ వంద డాలర్ల సంగతి చదివిన రోజు మా ఇంట్లో అందరికీ వినిపించేలా పైకి చదివాను.

డబ్బుల సంగతి దగ్గరే ఇంకొకటి చెప్పాలి. మా వీధిలో డ్వాక్రా సంఘం వాళ్ళు నిమ్మకాయ ఊరగాయ, కారప్పొడి, పప్పుల పొడి చేస్తారు. చేతి రుచికి తిరుగులేదు. ఒక దుకాణం వాళ్ళు సరుకు వెనక్కి పంపారు, లేబులు మీద తేదీ నూనెకి చెరిగిపోయిందని. వాళ్ళు చేసింది తప్పనలేను. ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల్లో రాతలు చెరగకుండా, తేటగా ఉండాలనీ, లేబులు సీసా నుంచి ఊడిపోకూడదనీ ఉంది. వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ తప్పనిసరి, తెలుగు పెట్టుకుంటే అదనం. కడప ఊరగాయ కడపలో అమ్మడానికి తెలుగు చాలదట! కోపమొచ్చినా రెండూ వేశాం, తెలుగు మాత్రం పైన, పెద్దగా. సంఘంలోవాళ్ళు ఆహార రిజిస్ట్రేషను చేయించుకున్నప్పుడు ఏడాదికి వంద రూపాయలే కట్టారు. ఆ నంబరు, పదార్థాలు, బరువు, తయారైన తేదీ, ఆకుపచ్చ చదరంలో చుక్క, అన్నీ 60 మిల్లీమీటర్ల వెడల్పులో పట్టించడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. లేబులు సీసా బయటే, ఇంకు తగిలేట్టు మూత లోపల ఏదీ అంటించొద్దని గట్టిగా చెప్పాను.

ఆ రెండు సాయంత్రాలకి డబ్బు అడిగాను. అడగడానికి గొంతు తడబడింది, మనకెవరూ నేర్పలేదు కదా ఆ మాట. సంఘం లీడరక్క వెంటనే "ఎంత పాపా?" అంది. డబ్బు విలువ తెలిసిన ఆడది బేరమాడుతుంది గానీ ఊరికే ఇమ్మనదు. ఊరికే ఇమ్మనేది బంధువులే.

అందుకని లెక్క ఇక్కడే రాస్తున్నా, నా బంధువుల్లో చదివేవాళ్ళూ ఉన్నారు. నేను కొన్న ధరల్లో షీటు 25 రూపాయలు, ఫిల్ము 12, ఇంకు 5. మొత్తం 42. ఒక షీటులో 60 బై 25 మిల్లీమీటర్ల పేర్లు ముప్పై వస్తాయి. పేర్లు టైపు చేసి, ప్రింటు తీసి, మర్నాడు ఫిల్మేసి, మూలలు గుండ్రంగా కత్తిరించేసరికి గంటన్నర. పేరుకి ఐదు రూపాయలు తీసుకుంటే 150. సామాను పోను 108, అంటే నా గంటకి 72 రూపాయలు. బ్యూటీ పార్లర్లో కనుబొమ్మలకిచ్చే డబ్బుల కోసం నాతో బేరాలు!

మా ఆడబిడ్డకి ఈసారి ముప్పై పేర్లిచ్చి, లెక్క కాగితం కూడా కవర్లో పెట్టాను. రెండు రోజులు ఫోను చెయ్యలేదు. మూడో రోజు 150 పంపింది, కింద మెసేజి: "వదినా, మా తోడికోడలు పిల్లకి కూడా కావాలంట, అరవై. రేటు నేను చెప్పినాలే."